విమానపు పట్టికయు, మన పుస్తకముల పట్టికయు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. మా తండ్రిగారు ఈ గ్రామమునకు కరణముగా నుండిరి. 1984లో ఆ పదవులు రద్దయిన పిమ్మట మా యింట మిగిలినవి కొన్ని పాత అడంగళ్లును, లెక్క వ్రాయు అలవాటును మాత్రమే. ఆ అలవాటుతోనే గ్రామ సంఘములకును, ఈ గ్రంథాలయమునకును లెక్కలు వ్రాయుచున్నాను. భారత భాగవతములు ముప్పదియేండ్లు దాటిన పిమ్మట ఈ బల్లలమీదనే చదువుకొంటిని. ఇట్టివాడు యుద్ధవిమానముల ప్రసంగ మెత్తినాడేమని మీరు నవ్వవచ్చును. నేను చెప్పబోవునది విమానము ఎగురుటను గూర్చి కాదు, దాని సామగ్రికి లెక్క వ్రాయుటను గూర్చి.

రేణిగుంటలో రైలెక్కి పుత్తూరు, ఏకాంబరకుప్పము, తిరుత్తణి దాటినచో అరక్కోణము చేరుదుము. అచ్చట 1992లో ఐ.ఎన్.ఎస్. రాజాళి యను నౌకాదళ వైమానిక స్థావరము నెలకొన్నది. 1988లో సోవియట్ దేశమునుండి వచ్చి మొదట గోవాలో నుండిన టీయూ-142 విమానములు 1992లో అచ్చటికి చేరి, 2017 మార్చి 29న విరమించువరకు సముద్రమును కాపలా కాచినవి. ఇరువదితొమ్మిదేండ్ల సేవలో అవి ప్రమాదము లేక సుమారు 30,000 గంటలు ఎగిరినవి. వానిలో నొకటి 2017 డిసెంబరునుండి విశాఖపట్టణపు సముద్రతీరమున ప్రదర్శనశాలయై నిలిచియున్నది. దానిని చూచినప్పుడు, ఇంత పెద్ద వస్తువులోని యిన్ని చిన్న వస్తువులకు లెక్క యెట్లు వ్రాసిరో యని నాకు ఆశ్చర్యము కలిగినది.

ఆ సంశయమును మన గ్రామపు పిల్లవాడొకడు తీర్చెను. అతడు సైన్యమునందు విమాన సామగ్రి లెక్క చూచుచున్నాడు. సెలవులో వచ్చినప్పుడు "మామా, మీ యింటివారు ఎకరములు లెక్కించిరి, మేము మరమేకులు లెక్కింతుము" అనెను. రహస్యము లేవియు చెప్పలేదు. దేశదేశముల దళములలో కొద్ది భేదములతో నున్న పద్ధతినే చెప్పెను.

విమానమునకు బిగించినవియు, విడిగా నుంచినవియు నగు పరికరములకు ఒక పట్టిక యుండును. లైఫ్ జాకెట్లు, గాలితో ఉబ్బు తెప్పలు, ఆక్సిజన్ ముసుగులు, అగ్నిమాపకములు, రేడియోలు, ఇట్లు ప్రతిదానికి జాతి సంఖ్యయు, వస్తువు సంఖ్యయు, ఎన్ని యుండవలెనో, ఎచ్చట నుండవలెనో వ్రాయుదురు. కొన్నిటికి గడువు తేదీ యుండును. కొన్నిటికి ఎన్ని గంటలు వాడవచ్చునో పరిమితి యుండును. విమానము ఒక దళమునుండి మరియొక దళమునకు మారునప్పుడు పట్టికయు వెంట వెళ్లును. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును కలిసి నిలిచి, ఒక్కొక్క వస్తువును కన్నులార చూచి, ఇరువురును సంతకములు చేయవలెను. లేనిదానిని కొట్టివేయుట కాదు. లేదనియే వ్రాసి, ఎవరి యుత్తరువుపై తీసిరో, ఎచ్చటికి పోయినదో నమోదు చేయవలెను. ఒక విమానపు భాగము మరియొకదానికి అమర్చినచో రెండు పుస్తకములలోను వ్రాయవలెను.

పనిముట్లకును ఇట్లే. పలకపై ఒక్కొక్క పనిముట్టు ఆకారము గీచి, దానిపైనే దానిని తగిలింతురు. పని ముగిసినప్పుడు ఒక్క చోటు ఖాళీగా కనబడినను, అది దొరకువరకు విమానము ఎగురరాదు. యంత్రములో మరచిన స్పానరు మనుష్యుల ప్రాణములు తీయగలదు.

2016 జూలై 22న తాంబరమునుండి పోర్టుబ్లెయిరుకు పోవుచు ఏఎన్-32 విమానము 29 మందితో బంగాళాఖాతముపై అదృశ్యమైనది. అందు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారపు ఉద్యోగులు ఎనిమిదిమంది. 2024 జనవరిలో, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున శకలములు కనబడినట్లు ప్రభుత్వము తెలిపినది. అవి ఆ విమానమువే కావచ్చుననుటకు, ఆ ప్రాంతమున మరి యే విమానమును పోయినట్లు నమోదు లేకపోవుట యొక ఆధారమైనది. పోయినవారు తిరిగి రారు. అయినను నమోదు సరిగా నున్నందున వారి యింటివారికి ఏడున్నరయేండ్లకు ఒక సమాధానమైనను దొరకినది.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుడు ప్రతి వస్తువుయొక్క జాతి, రూపము, గుర్తు, పరిమాణము, వచ్చిన చోటు, వెల, ఉంచిన చోటు తెలిసియుండవలెనని చెప్పెను. మన గ్రంథాలయపు నమోదు పుస్తకములోని గడులు ఇంచుమించు ఇవియే కదా!

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. పండ్రెండేండ్ల క్రిందట గ్రంథపాలకుడు మారినప్పుడు అప్పగింత పత్రము నా చేతికి వచ్చినది. ఎండ మండుచుండెను. బీరువాలు తెరువక "అన్నియు సరి" యని వ్రాసి సంతకము చేసితిని. ఆరు నెలలకు ముప్పదియేడు పుస్తకములు లేవని తేలినది. క్రొత్తగా వచ్చిన పేదపిల్లవానిపై నింద పడినది. అతడు జీతములోనుండి సొమ్ము కట్టి, ఊరు విడిచిపోయెను. తరువాత ఒక యింటి అటకపై పది పుస్తకములు దొరకినవి. వెనుక నంటించిన చీటీలపై తేదీలు అతడు రాకమునుపటివి. అతనిని దొంగగా చేసినది నా సంతకము. ఈ సభాముఖమున అతనికి క్షమాపణ చెప్పుకొనుచున్నాను. కట్టిన సొమ్ము నా చేతినుండి పంపెదను.

లెక్క చూచుట మనుష్యులను అనుమానించుట యని కొందరందురు. లెక్క చూడకపోవుటచేతనే అనుమానము నిరపరాధిపై పడును. అరణ్యపర్వములోని నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథముపైనుండియే చెట్టు ఆకులను, కాయలను లెక్క చెప్పెను. నలుడు రథమాపి, చెట్టు పడగొట్టి, తాను లెక్కించి చూచినగాని నమ్మలేదు. ఆ విద్య గ్రహించిన పిదపనే కలి అతని దేహమును విడిచెను.

కావున కార్యవర్గమునకు నా మనవి యొక్కటి. ప్రతి వేసవియందును ఇరువురు చందాదారులు గ్రంథపాలకునితో కలిసి ప్రతి పుస్తకమును చేత తాకి లెక్కింపవలెను. లేనిదానిని లేదని వ్రాసి, ఆ కాగితమును గోడపై అంటింపవలెను. ఈ యేటి లెక్కకు మొదటివాడనుగా నేను వచ్చెదను.