వైద్య వివాదములందు సాక్ష్యము – నిపుణుని స్థానము



బిలాసపూరు రైల్వే వారి ఊరు. ఇచటి తెలుగు కుటుంబములలో పెక్కింటికి జ్వరము వచ్చినను, పురుడు వచ్చినను రైల్వే ఆసుపత్రియే దిక్కు. అచట రుసుము చెల్లింపలేదు గనుక, పొరపాటు జరిగినను న్యాయము అడుగు హక్కు లేదని కొందరు తలచుచుందురు. అది సరి కాదు. ఉద్యోగ నిబంధనలలో భాగముగా యజమాని వ్యయము భరించు వైద్యము ఉచిత సేవ కాదనియు, అది వినియోగదారుల చట్టము పరిధిలోనిదే యనియు 1995లో సుప్రీం కోర్టు నిర్ణయించెను. అయితే హక్కు కలిగియుండుట వేరు; దోషమును నిరూపించుట వేరు.

రోగి మరణించినంత మాత్రమున వైద్యుడు దోషి కాడు. ఆ శాఖలోని సామాన్య సమర్థుడు చూపదగిన శ్రద్ధను అతడు చూపలేదనియు, ఆ లోపము వలననే హాని కలిగెననియు రుజువు కావలెను. న్యాయాధిపతి వైద్యము చదివినవాడు కాడు. కావుననే 1872 నాటి సాక్ష్య చట్టము 45వ సెక్షనులో నిపుణుని అభిప్రాయమునకు చోటిచ్చెను. 2024 జూలై 1 నుండి అమలునందున్న క్రొత్త చట్టమున అది 39వ సెక్షను. నిపుణుడు సలహాదారుడే గాని తీర్పరి కాడు. అతడు తన అభిప్రాయమునకు హేతువులు చూపవలెను. ఎదుటి పక్షము వారి ప్రశ్నలకు నిలువవలెను. క్రిమినలు కేసునకు నియమము మరింత కఠినము. వైద్యునిపై అట్టి ఫిర్యాదును విచారణకు స్వీకరించుటకు మరియొక సమర్థుడైన వైద్యుని అభిప్రాయము ఆధారముగా ఉండవలెనని సుప్రీం కోర్టు 2005లో చెప్పెను.

కారణమును నిర్ధారించుట ఎంత కష్టమో ఈ జిల్లావారికి తెలియనిది కాదు. 2014 నవంబరు 8న సక్రీ సమీపమున ఒక్క శిబిరములో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగెను. ఆ శిబిరమునందును, వెంటనే జరిగిన ఇతర శిబిరములందును చికిత్స పొందిన వారిలో 13 మంది మరణించిరి. మాత్రలలో ఎలుకల మందు కలిసెనని ఒక వాదము. శస్త్రచికిత్స వలన సోకిన దోషమని మరియొక వాదము. మొదటిది నిజమైనచో మందు తయారు చేసినవారు, రెండవది నిజమైనచో చికిత్స జరిపినవారు ఉత్తరవాదులు. కావున శవపరీక్ష, మాత్రల రసాయనిక పరీక్ష ఇట్టి చోట ప్రాణాధారములు.

అన్ని కేసులకు నిపుణుడు కావలెనా? 2002లో హైదరాబాదున ఒక స్త్రీ చలిజ్వరముతో ఆసుపత్రిలో చేరి, పిదప వేరొక ఆసుపత్రికి మార్చబడి మరణించెను. మలేరియాకు బదులు టైఫాయిడునకు చికిత్స చేసిరని భర్త ఆరోపించెను. తాము మలేరియాకు చికిత్స చేయలేదని మొదటి ఆసుపత్రి పక్షమున సాక్ష్యమిచ్చిన వైద్యుడే ఒప్పుకొనెను. మరణ ధ్రువపత్రములో మలేరియా పేరుండెను. జిల్లా ఫోరము 2 లక్షల రూపాయల పరిహారము విధింపగా, నిపుణుని సాక్ష్యము లేదని పై కమిషనులు దానిని త్రోసివేసెను. 2010 మార్చి 8న సుప్రీం కోర్టు జిల్లా ఫోరము తీర్పునే నిలిపెను. విషయము జటిలమైనపుడే నిపుణుడు అవసరమనియు, వాస్తవములే స్వయముగా మాటాడునపుడు అక్కరలేదనియు దాని భావము.

ఆ భర్తకు తోడైనవి సాక్షి నోటిమాటయు, పత్రమునందలి వ్రాతయు. కావున మందుచీటి, పరీక్షల ఫలితములు, డిశ్చార్జి పత్రము, తేదీలతో కూడ భద్రపరచుట ప్రతి కుటుంబము నేర్వవలసిన అలవాటు. ఆసుపత్రిలో చేరిన రోగి వివరములను వైద్యుడు మూడు సంవత్సరములు భద్రపరచవలెననియు, కోరినచో 72 గంటలలో ఇవ్వవలెననియు 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ఆదేశించుచున్నది. ఆ పత్రములే, శ్రద్ధతో వైద్యము చేసిన వైద్యునికిని నిందనుండి రక్ష.