నీళ్ళకు వెరవని పిల్లి



పిల్లికి నీళ్ళంటే గిట్టదని మనమంతా అనుకుంటాం. పెరట్లో చెంబెడు నీళ్ళు చిలకరిస్తే చాలు, గోడ దూకి పారిపోతుంది కదా! కాని నీళ్ళలోకే దిగి చేపలు పట్టుకు బతికే పిల్లి ఒకటుంది. దాని పేరు బావురుపిల్లి. ఆఫ్రికాలో కాంగో అడవుల వాగుల్లోనూ చేపలు తినే జంతువొకటుంది. మన పునుగుపిల్లికి దూరపు చుట్టం. 1919లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు గాని, దాని సంగతులు తెలిసింది బహు కొద్ది. బావురుపిల్లి అంత దూరాన లేదు. అయినా మనలో దాన్ని ఎరిగినవారెందరు?

ఇది ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒళ్ళు, వరసగా నల్లమచ్చలు, పొట్టి తోక. కాలివేళ్ళ మధ్య కొంతమేర చర్మం ఉంటుంది. బొచ్చు రెండు పొరలు. లోపలి పొర ఒంటికి తడి తగలనివ్వదు. రాత్రిపూట గట్టున కదలకుండా కూర్చుని, చేప మెదలగానే పంజా వేస్తుంది. ఎలకల్నీ తింటుంది.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లో ఇవి ఉన్నాయి. ఉత్తరాన ఒడిశాలోని చిలికా సరస్సు దగ్గర లెక్కిస్తే 176 ఉన్నాయని 2022లో తేలింది. ఈ రెంటికీ నడుమనే మన శ్రీకాకుళం తీరం. నౌపడ అనగానే మనకు ఉప్పు గుర్తొస్తుంది. ఆ ఉప్పుమళ్ళకు చేరువలోనే తంపర ఉంది. తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతులకు మేత అక్కడే, బెస్తల కుటుంబాలకు బతుకూ అక్కడే. లోతులేని నీరు, తుంగ, చేప... బావురుపిల్లికి కావలసినవీ ఇవే.

ఇలాంటి నేలను పనికిరాని బురద అనేస్తాం. థర్మల్ కేంద్రాలు వద్దని 2010లో సోంపేట బీల దగ్గర, 2011లో కాకరాపల్లిలో జనం ప్రాణాలే పోగొట్టుకున్నారు. బురద విలువ వాళ్ళకు తెలుసు.

మరో ఆపద, చిరుతపిల్ల అని భయపడి దీన్ని కొట్టి చంపేయడం. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. దాని పిల్లలు పొదల్లో కనబడితే ఇంటికి తేవద్దని మన పిల్లలకు చెబుదాం. తల్లి మేతకు వెళ్ళి ఉంటుంది, తిరిగి వస్తుంది. ఊళ్ళోకి వస్తే కర్ర పట్టకుండా అటవీశాఖవారికి కబురు చేయించండి.

దానికి చేప దొరికే నీళ్ళుంటేనే అమ్మా, మన చట్టిలోకీ చేప వచ్చేది!