పాత డీటీపీ కంప్యూటర్ అమ్ముతున్నారా? ముందు హార్డ్ డిస్క్ చూడండి!

అనంతపురం, తాడిపత్రి, గుంతకల్లు... ఏ ఊరికెళ్లినా పాత డీటీపీ షాపుల్లో ఒక మూల దుమ్ము కొట్టుకుపోయిన పెంటియం 4 ఉంటుంది. అందులో విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, అను ఫాంట్స్. దాన్ని తూకానికి వేసేయాలా, సెకండ్ హ్యాండ్‌లో అమ్మాలా?

మొదట రేటు సంగతి. 'వింటేజ్' అని పెట్టినంత మాత్రాన లక్షలు రావు బాస్. పెంటియం 4 వచ్చింది 2000 నవంబర్‌లో. అది ఇంకా చాలాచోట్ల దొరుకుతుంది కాబట్టి కలెక్టర్లు పెద్దగా ఎగబడరు. వాళ్లకి 486, అంతకంటే పాతవి కావాలి.

మరి ఎవరు కొంటారు? పాత పేజ్‌మేకర్ ఫైల్స్ తెరవాల్సిన ప్రెస్సువాళ్లు, ప్యారలల్ పోర్టుతో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ నడిపేవాళ్లు. అందుకే యాడ్‌లో స్క్రీన్ ఆన్‌లో ఉన్న ఫొటో, వెనకాల పోర్టుల ఫొటో పెట్టండి. ఆన్ చేసే ముందు లోపలి దుమ్ము బ్లోయర్‌తో కొట్టండి. టైమ్ నిలబడకపోతే సీఎంఓఎస్ బ్యాటరీ, సీఆర్2032, మార్చండి. పాత డబ్బా మానిటర్ మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపల షాక్ కొట్టే కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఆ డిస్కులో జనం టైప్ చేయించుకున్న దస్తావేజులు, స్కాన్ చేసిన రేషన్ కార్డులు ఉండొచ్చు. అలాగే మన ఊరి కవిగారు అచ్చేయించుకున్న పుస్తకం కూడా ఉండొచ్చు. పుస్తకం కాపీలు అయిపోయుంటే ఇక మిగిలింది ఆ పీఎండీ ఫైలొక్కటే! పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను ఫాంట్స్ యూనికోడ్ కాదు, అందుకే ఆ అక్షరాలు మీ ఫోన్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తాయి.

కాబట్టి ముందు ఆ పీసీలోనే ఫైల్ తెరిచి, ఫాంట్స్ ఎంబెడ్ చేసి పీడీఎఫ్ తీయండి. టెక్స్ట్‌ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, గుణింతాలు ఒకసారి సరిచూడండి. రాసినాయనకో, వాళ్ల పిల్లలకో పంపండి.

తర్వాతే డిస్క్ తుడవండి. ఎక్స్‌పీలో ఫుల్ ఫార్మాట్ కొట్టినా డేటా పోదు, అది డిస్క్‌లో పాడైన చోట్లని మాత్రమే వెతుకుతుంది. డిస్క్ బయటికి తీసి, యూఎస్‌బీ కన్వర్టర్‌తో విండోస్ 10కి తగిలించి, 'క్విక్ ఫార్మాట్' టిక్ తీసేసి ఫార్మాట్ చేయండి. అప్పుడు మొత్తం సున్నాలు రాస్తుంది. టైమ్ పడుతుంది, పట్టనీయండి. మళ్లీ ఎక్స్‌పీ ఎక్కించే ఓపిక లేకపోతే డిస్క్ లేకుండానే అమ్మండి, ఆ మాట యాడ్‌లోనే చెప్పేయండి.

మీ నాన్నగారిదో, మామదో డీటీపీ షాపు ఉందా? ఈ వారమే ఆ డిస్క్ తెరిచి చూడండి. ఏం దొరికిందో కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!