కెమెరా కొనేముందు రెండు మాటలు

పల్నాడు తండాల నుంచి, చెంచు గూడేల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి వచ్చిన తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!

మా హాస్టళ్లలో చదువుకుని వెళ్లిన పిల్లలు ఈమధ్య మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "మేడమ్, మన పండగలు, మన పెద్దవాళ్ల ఫొటోలు తీసి దాచాలనుంది. ఎన్ని మెగాపిక్సెళ్ల కెమెరా కొనాలి?" అని. ఆ లెక్క తర్వాత చూద్దాం. వెలుగు పడే చోటు ఎంత పెద్దది? ఆ వెలుగును లోపలికి తెచ్చే గాజు ఎంత మంచిది? ముందు ఈ రెండూ తెలుసుకోవాలి. మొదటిది ఫార్మాట్, రెండోది లెన్సు.

పాత స్టూడియోల్లో 120 రోలు ఫిల్ము వాడేవాళ్లు. దాని మీద బొమ్మ దాదాపు 6 సెంటీమీటర్ల చదరం. 1925లో జర్మనీ నుంచి లైకా కెమెరా బజారుకు వచ్చాక, సినిమా ఫిల్ము మీద 36 × 24 మి.మీ. బొమ్మ తీయడం లోకమంతా పాకింది. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ డిజిటల్ కెమెరా కొలత కూడా అదే. మనవాళ్లు ఎక్కువగా కొనే ఏపీఎస్-సీ కెమెరాలో సెన్సరు సుమారు 23 × 15 మి.మీ. మామూలు ఫోన్లో చాలావరకు 6 మి.మీ. వెడల్పు, అంటే శనగ గింజంత.

ఇప్పుడు సంఘం గోడకు 36 సెంటీమీటర్ల వెడల్పు ఫొటో కావాలనుకోండి. పాత రోలు ఫిల్మును 6 రెట్లు పెంచితే చాలు. ఫుల్‌ఫ్రేమ్‌ను 10 రెట్లు పెంచాలి. ఫోను బొమ్మను 60 రెట్లు! బొమ్మతోపాటు లెన్సులోని లోపమూ అన్ని రెట్లు పెరుగుతుంది. చిన్న ఫార్మాట్‌కు మరింత పదునైన లెన్సు కావాలనడానికి కారణం ఇదే. లెన్సు మసకగా ఉంటే మెగాపిక్సెళ్లు ఎన్ని ఉన్నా ఆ మసకనే మరింత వివరంగా చూపిస్తాయి.

ఇదంతా మనకెందుకంటారా? మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో కృష్ణకు ఆవల, అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య ఉండి ఫొటోలు తీశారు. 1943లో వాళ్లమీద పుస్తకం వేశారు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. ఎనభై ఏళ్ల కిందటి మన ముఖాల కోసం మనం లండన్ వైపు చూడాలి. ఇవాళ కెమెరా మన చేతికే వచ్చింది. ఎనభై ఏళ్ల తర్వాత మన మనవలు ఎవరి వైపు చూడాలి?

అవ్వల చేతి మీది పచ్చబొట్లు, కాంచళి మీది అద్దాల కుట్టు, జడకు వేలాడే ఘుగ్రీలు... ఇవన్నీ సన్నటి వివరాలు. ఫోన్లో బ్యూటీ మోడ్ పెడితే అవ్వ ముడతలు చెరిగిపోతాయి, ఒంటి రంగు తెల్లబడుతుంది. మన రంగును మన ఫోనే దిద్దుతుంటే ఊరుకోకండి, దాన్ని ఆపెయ్యండి. పోర్ట్రెయిట్ మోడ్ వెనకభాగాన్ని మసక చేస్తూ ఒక్కోసారి ఘుగ్రీల అంచులను కూడా తినేస్తుంది. అదీ ఆపండి. లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. మరీ దగ్గరికెళ్తే ముక్కు పెద్దదై ముఖం తీరు మారుతుంది, రెండడుగులు వెనక్కి జరగండి. కుట్టు అద్దాలు ఎండలో కళ్లు జిగేలుమనిపిస్తాయి, వేపచెట్టు నీడలో తీయండి.

నలుగురూ కలిసి డబ్బు వేసుకోగలిగితే పాత డిజిటల్ ఎస్సెల్లార్ ఒకటి, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు ఒకటి చాలు. ఏపీఎస్-సీ కెమెరాకు తగిలిస్తే అది సుమారు 75 మి.మీ. లెన్సులా ముఖాలకు బాగా కుదురుతుంది. వెలుతురు ఉన్నప్పుడు ఎఫ్ 5.6 లేదా 8 దగ్గర పెడితే అంచులదాకా పదును వస్తుంది. కొనేముందు లెన్సును వెలుగుకు ఎత్తి చూడండి. లోపల బూజు ఉంటే వద్దనండి. ఖరీదైన బాడీకి నాసి లెన్సు తగిలించడంకన్నా మామూలు బాడీకి మంచి లెన్సు మేలు.

ఫిల్ముకు ఒక గొప్ప గుణముంది. నెగెటివ్ చేతికి దొరికే వస్తువు. డబ్బాలో జాగ్రత్త చేస్తే తరాలు ఉంటుంది. డిజిటల్ ఫైలు ఫోను పోతే పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే చిక్కిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫైలు రెండుచోట్ల దాచండి. పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. పేరు రాయని ముఖాన్ని రెండు తరాల తర్వాత ఇంట్లోవాళ్లు కూడా గుర్తుపట్టలేరు.

ఇంకొక్క మాట. అవ్వను అడిగి తీయండి. వద్దంటే మానండి. తీశాక ఒక ప్రింటు ఆమె చేతిలో పెట్టండి. వచ్చే సెలవుల్లో ఇంటికొకరు చొప్పున తీసినా, మన సంఘానికి సొంత బొమ్మల భోషాణం మొదలవుతుంది.