పెద్దల కథ, ఊరి పటం

 

ఇండోనేషియాలోని ఆచేకు చెందిన సిమ్యులూ ద్వీపవాసులు మన ముస్లిం సోదరులే. 1907లో సముద్రం పొంగి అక్కడ ఎందరినో పొట్టనపెట్టుకుంది. బతికినవారు ఆ విపత్తును ‘స్మోంగ్’ అనే పేరుతో పిల్లలకు కథగా చెప్పారు, పాటగా పాడారు. భూమి తీవ్రంగా కంపించి, సముద్రం వెనక్కి తగ్గితే కొండెక్కాలన్నదే దాని సారం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, సుమారు 78 వేల మంది ఉన్న ఆ ద్వీపంలో మరణించినవారు ఏడుగురే. ఎదుట సుమత్రాలోని ఆచే తీరంలోనైతే లక్షమందికి పైగా అసువులు బాశారు.

ఆ కథను ఉన్నదున్నట్టు మన తీరానికి తెచ్చుకోలేము. తుపాను ఉప్పెనకు ముందు భూమి కంపించదు. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచెత్తిన దివిసీమలో ఎక్కడానికి కొండా లేదు. కనుక మనకు కథతోపాటు పటమూ కావాలి. నీరు ఎటునుండి వచ్చింది, ఏ గోడపై ఎంత ఎత్తున నిలిచింది, ఏ దారి ముందుగా మునిగింది? ఇవి పెద్దలకే తెలుసు. ఆనాటి యువకులు నేడు డెబ్బయ్యో పడిలో ఉన్నారు. ప్రతి జనాజాతో ఒక సాక్ష్యం మట్టిలో కలిసిపోతోంది.

ఇది తవక్కుల్‌కు విరుద్ధమని కొందరంటారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కరువుకు ముందే పంటను వెన్నులతో నిల్వచేయించారు. ఆయన తవక్కుల్‌ను శంకించగలమా?

తీరగ్రామాల జమాఅత్‌లు పెద్దలను కూర్చోబెట్టి పటం గీయించాలి. తుపాను షెల్టరు, మేడ ఇళ్ళు, మస్జిద్ మిద్దె అందులో ఉండాలి. మంచం దిగలేని వృద్ధుల ఇళ్ళు, వారిని మోయవలసిన యువకుల పేర్లు కూడా రాయాలి. ఆ ఇల్లు ఏ మతస్థులదైనా సరే. స్త్రీలను తప్పక అడగండి. ఏ ఇంట నిండుచూలాలు ఉన్నదో వారికే తెలుసు. పటాన్ని వుజూ చేసేచోట, అందరి కంటపడేలా తగిలించండి.