బియ్యం బస్తాకు ఒక కిలో ఎందుకు పెరిగింది?

(కూర్మన్నపాలెంలో ఉద్యోగులు, విద్యార్థులు కలిసి జరుపుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



కూర్మన్నపాలెం వచ్చి ఉక్కు సంగతి వదిలేసి బియ్యం గురించి మాట్లాడుతున్నాడేమిటని అనుకోకండి. 2021 ఫిబ్రవరిలో ఈ కూడలిలోనే దీక్షా శిబిరం వేసిన మీకు, ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం మన గడప దాకా ఎట్లా వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

మీ ఇంట్లో బియ్యం బస్తా 25 కిలోలదా, 26 కిలోలదా? 26 అయితే ఆ ఒక్క కిలో వెనుక కథ ఉంది. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పు, పిండి, పెరుగు మీద 5 శాతం జీఎస్టీ వేశారు. బియ్యం, పప్పులకు అంతకు ముందు అది రిజిస్టరైన బ్రాండ్లకే ఉండేది. 25 కిలోలు దాటిన బస్తాకు మాత్రం లేదన్నారు. వ్యాపారి వెంటనే 26 కిలోలు కుట్టాడు. నెల జీతగాడు ఆ బస్తా కొని పన్ను తప్పించుకున్నాడు. అంత డబ్బు ఒక్కసారి పెట్టలేని కాంట్రాక్టు కార్మికుడు 5 కిలోల ప్యాకెట్ కొని పన్ను కడుతున్నాడు. విడిగా తూచి ఇస్తే పన్ను లేదు, నిజమే. మరి విడిగా అమ్మే కొట్లు ఎన్ని మిగిలాయి?

దీన్ని ఆపలేమా? ఆపిన సందర్భం ఉంది. బట్టల మీద పన్ను 5 నుంచి 12 శాతం చేస్తామని 2021 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. డిసెంబరు 30న సూరత్ బట్టల మార్కెట్లు మూతపడ్డాయి. గుజరాత్, పశ్చిమ బెంగాల్, తమిళనాడు వంటి రాష్ట్రాలు వద్దన్నాయి. 31న కౌన్సిల్ వాయిదా వేసింది. అదే నోటిఫికేషన్‌లో చెప్పులూ ఉన్నాయి. వాటి గోడు అంత గట్టిగా వినపడలేదు. తెల్లారేసరికి వెయ్యి రూపాయల లోపు చెప్పులకు 12 శాతం అమల్లోకి వచ్చింది. 500 రూపాయల జతకు 35 రూపాయలు అదనం. అది తగ్గింది 2025 సెప్టెంబరు 22న!

రాష్ట్రం అడిగేవాళ్ళం ఒక లెక్క తెలుసుకోవాలి. కౌన్సిల్‌లో కేంద్రానిది మూడో వంతు ఓటు. మిగతా రెండు వంతులూ రాష్ట్రాలకు సమానం. ఏ తీర్మానానికైనా నాలుగింట మూడు వంతులు కావాలి. రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం లేనిదే ఏదీ కాదు. కానీ కాస్త ఎక్కువ రాష్ట్రాలు అడ్డం నిలిస్తే కేంద్రం పన్ను పెంచనూ లేదు. బియ్యం విషయంలో అన్ని రాష్ట్రాలూ ఒప్పుకున్నాయనే నిర్మలా సీతారామన్ చెప్పారు. అంటే మన కుర్చీలో కూర్చున్నవారు కూడా.

2025లో పన్నీరుకూ రొట్టెకూ పన్ను తీసేశారు. 5 కిలోల బియ్యం ప్యాకెట్‌కు అట్లాగే ఉంచారు. వచ్చే కౌన్సిల్ సమావేశానికి మన మంత్రి బయలుదేరే ముందే అడగండి: ఆ ప్యాకెట్ గురించి అక్కడ మీరేం మాట్లాడతారు?