భువనగిరి గుండుపై గాలి



నేడు నేను మీకు వినిపింపబూనినది పురాణగాథ కాదు. ఒక కొండ నెక్కిన దినపు వృత్తాంతము. ఆ ప్రసంగవశమున నా తప్పిదమొకటి చెప్పుకొనవలసియున్నది.

నల్లగొండ సీమలో భువనగిరి నెఱుగనివారరుదు. 2016 నుండి అది వేఱొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఊరిని ఆనుకొని సుమారు అయిదువందల అడుగుల ఎత్తున లేచిన ఏకశిల యది. పశ్చిమ చాళుక్య ప్రభువగు త్రిభువనమల్ల ఆఱవ విక్రమాదిత్యుడు (1076-1126) దానిపై కోట కట్టించెననియు, ఆయన బిరుదమును బట్టి త్రిభువనగిరి యనబడి క్రమముగా భువనగిరి యయ్యెననియు చెప్పుదురు.

ముప్పది యేండ్లకు పూర్వము, నేను తెలుగు పండితుడనై యున్నకాలమున, బడిపిల్లలను అచ్చటికి తోడుకొనిపోతిని. బాలురను పైకి పంపితిని. బాలికలను మాత్రము క్రింద సద్దిమూటలకు కావలి యుంచితిని. వారిలో నొకతె “సారూ, మేమెందుకు ఎక్కొద్దు?” అని అడిగెను. “పైన గాలికి పడిపోదురు, కూర్చుండుము” అంటిని. ఆ పిల్ల మఱల నోరెత్తలేదు.

2014 మే 25వ తేదీన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, విద్యార్థి ఆనందకుమారుతో కూడ టిబెట్టు దిక్కునుండి ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. ఆమెకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆ యిరువురును శిలారోహణము నభ్యసించినది ఈ భువనగిరి గుండుమీదనే! ఆ వార్త చదివిన నాడు నాకు జ్ఞప్తికి వచ్చినవి ఆ సద్దిమూటలు.

పోయిన ఆషాఢమున మా మనుమరాలు, పదునొకండేండ్ల పిల్ల, “తాతా, గుండెక్కుదామా?” అనెను. తెల్లవాఱకమునుపే బయలుదేఱితిమి. కోటద్వారములు దాటువఱకు మెట్లు కలవు. శ్రమయే కాని భయము లేదు. అటుపై నున్నని బండ. పడమటినుండి మైదానముమీద అడ్డులేక వచ్చు గాలి, కొండ కెదురుపడి, దానిని చుట్టియు దాటియు పోవలసివచ్చుటచే అంచులయందును శిఖరమునను వేగము హెచ్చును. నా ఉత్తరీయము తెరచాపవలె పొంగి నన్ను ప్రక్కకు లాగెను. మోకాళ్లు వణకి బండపై చతికిలబడితిని. దిగిపోవుదమని మనసున తోచెను.

అప్పుడు ఆ పిల్ల, “తాతా, కండువా నడుముకు కట్టు. చెప్పులు విడువు. గాలి ఆగేదాక కూసుందాం” అనెను. అట్లే చేసితిని. గాలి విసరునప్పుడు కూర్చుండియు, తగ్గినప్పుడు వంగి నాలుగడుగులు వేయుచు పైకి చేరితిమి. పైన శిథిలమైన సౌధము, వాననీరు నిలుచు రాతిగుండములు, నలువైపుల చెఱువులు చూచుచుండగా ఆమె, “మీ బడి పిల్లలందరు ఇక్కడిదాక వచ్చిండ్రా?” అని అడిగెను.

“మగపిల్లలే వచ్చిరి; ఆడపిల్లలను నేనే రానీయలేదు” అని యథార్థము చెప్పితిని. ఆమె నావంక చూచి, ఏమియు ననక, నీళ్లసీసా అందిచ్చెను. పడమట మబ్బు క్రమ్ముచుండుటచే వెంటనే దిగనారంభించితిమి. తడిసిన బండ కాలు నిలువనీయదు. ఎక్కుటకన్న దిగుటయే కష్టము. ఆమె ముందు నడచి, నా చేయి తన భుజముపై నుంచుకొని దింపెను.

గ్రామ పెద్దలారా, గాలి భయము అబద్ధము కాదు. నేను కన్నులార చూచితిని. కాని అది ఆడపిల్లలకు వేఱుగా, మగపిల్లలకు వేఱుగా వీచుట లేదు. మీ పిల్లలు కొండకు పోవుదుమన్నచో ఉదయముననే పంపుడు. నీరు కట్టి యిండు. మబ్బు పట్టిన మరలి రమ్మనుడు. దారి నెఱిగిన పెద్దవారిని తోడిండు. కావలికని ఎవరినిగాని క్రింద కూర్చుండబెట్టకుడు.

నాడు నన్నడిగిన బాలిక నేడు నడివయసు గృహిణియై యుండవచ్చును. ఈ మాట ఆమె చెవిని పడునేని, “అమ్మా, నీ ప్రశ్నకు నేనిచ్చిన ఉత్తరము తప్పు” అని విన్నవించుకొనుచున్నాను.